గడ్డిని ఆపే చెక్క

పాస్టరుగారు ఇంకా పోరంకి దాటలేదట, ట్రాఫిక్కట. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి పోరంకిలో ఏం ట్రాఫిక్కో హెలెన్ టీచరుకి తెలుసు, తమ్ముడు పాల్‌కి తెలుసు, మరదలు మార్తకి తెలుసు, నీలం షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న నలభై మందికీ తెలుసు. రాహుకాలం పదిన్నర దాకా ఉంది. అది దాటితే గానీ ద్వారబంధం మీద చెయ్యి వెయ్యనని మేస్త్రి బసవపున్నయ్య తెగేసి చెప్పాడు. మనకి రాహుకాలాలు, వర్జ్యాలు లేవని ఆదివారం ఆదివారం గొంతు చించుకునే పాస్టరుగారు ఇంతవరకూ ఏ రాహుకాలంలోనూ ఏ ఇంటి ద్వారబంధానికీ ప్రార్థన చేసిన పాపాన పోలేదు. సరిగ్గా ఆ వేళకే ఆయన కారుకి ఏదో ఒకటి అడ్డం వస్తుంది. ఈపాటికి ఏ టిఫిన్ సెంటరు ముందో కారాపుకుని రెండో పెసరట్టు చెప్పి ఉంటారు. ఎవరి నమ్మకమూ చెడకుండా అందరూ ఒక గంట అబద్ధం ఆడుకుంటున్నారు, ఆ అబద్ధంలో మజ్జిగ గ్లాసులు కూడా తిరుగుతున్నాయి. ఆ గ్లాసులు తిప్పుతున్నది బ్లెస్సీ. పాల్ కూతురు, హెలెన్ మేనకోడలు, గంధం రంగు పట్టుచీరలో, నవ్వుతూ, ప్రతి కుర్చీ దగ్గరా ఆగుతూ. ఆ నవ్వు చూసి హెలెన్ తన గ్లాసు కుర్చీ కింద పెట్టేసింది.

పాల్ ఇంటికి పునాది అయింది గానీ గోడలు ఇంకా లేవలేదు. కంకిపాడు పొలిమేరలో, నిన్న మొన్నటిదాకా వరి పండిన నేలలో, ఇటుకల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉంది టేకు ద్వారబంధం. ఇంకాసేపట్లో దాన్ని లేపి నిలబెడితే గోడలేమీ లేని ఇంటికి గుమ్మం ఒక్కటే ఉంటుంది, జనం దాని చుట్టూ తిరిగి వెళ్ళగలిగినా దాని లోంచే వెళ్తారు. ఈ వింత హెలెన్ ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది. పటమట నుంచి ఉయ్యూరు దాకా సంఘంలో ఎవరు ఇల్లు కట్టుకున్నా ద్వారబంధం రోజున తన ఇంటి ముందుకి ఆటో వస్తుంది. టీచరుగారూ, మీ గడప వాక్యం లేకపోతే మా ఇంటికి గుమ్మం నిలబడదండీ, అంటారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక తను లేచి, కళ్ళజోడు సర్దుకుని, గడపకి థ్రెషోల్డ్ అనే ఇంగ్లీషు మాట చెప్పి, ఒక్క క్షణం ఆగి, దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. థ్రెష్ అంటే నూర్పిడి గడ్డి, హోల్డ్ అంటే పట్టుకునేది. పూర్వం ఇంగ్లండులో పేదవాళ్ళ ఇళ్ళు మట్టి నేలలు, చలికి ఆగలేక నేలంతా గడ్డి పరుచుకునేవాళ్ళు, తలుపు తీసినప్పుడల్లా గడ్డి బయటికి జారిపోతుంటే అడ్డంగా ఒక చెక్క పెట్టారు, ఆ గడ్డిని ఆపే చెక్కే గడప. మీ ఇంటి వెచ్చదనం బయటికి జారిపోకుండా ఆపేవాడు ప్రభువు, అనేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవాళ్ళు. ఒకసారి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మొరటు మనిషి కూడా ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది, ఒక్క పిల్లవాడూ ఏడవలేదు.

అలాంటిది సొంత తమ్ముడి ఇంటికి, సొంత తమ్ముడే ఫోన్ చేసి, "అక్కా, ఈసారి వాక్యం బ్లెస్సీ చెప్తుందిలే. నువ్వు కూర్చో హాయిగా," అన్నాడు. హాయిగా అట. ఎవరడిగారు హాయి? వాడికి తప్పు చేస్తున్నానన్న ధ్యాస కూడా లేదు, అదే ఎక్కువ మండింది. వాడి గొంతులో పిల్లని చూసి పొంగిపోయే తండ్రి తప్ప ఇంకెవరూ లేరు. మంచిదిరా, చెప్పనీ, అని ఫోన్ పెట్టేసి, స్టవ్ మీద పాలు పొంగుతున్నా కదలకుండా నిలబడింది. అసూయ అనే మాట పుస్తకంలో బాగుంటుంది. తనది అసూయ కాదు, కుళ్ళు. వంటింట్లో పుట్టే మాట, తనకి సరిగ్గా సరిపోయే మాట. ఇరవై ఆరేళ్ళ పిల్ల మీద యాభై నాలుగేళ్ళ మనిషికి కుళ్ళు. అదీ తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏ, బీ, సీలు దిద్దించిన పిల్ల మీద. అత్తా, దీనికి అర్థమేంటి, అత్తా, దానికి అర్థమేంటి అని కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల మీద. తన కొడుకు సురేష్ మైలవరంలో ట్రాక్టర్ల షోరూములో మేనేజరు, బుద్ధిమంతుడే, పండక్కి చీర పంపిస్తాడు, కానీ వాడు పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచి ఒక్క మాటకీ అర్థం అడగలేదు. అడిగిందల్లా బ్లెస్సీయే. అన్నీ అడిగి అడిగి, తన దగ్గరున్నదంతా తవ్వుకుని, హైదరాబాదు వెళ్ళి ఎమ్మే చేసి, తను జీవితమంతా ఎక్కలేని డిగ్రీ కాలేజీ మెట్లు మొదటి ఇంటర్వ్యూలోనే ఎక్కేసింది.

ఎప్పుడు మొదలైంది ఈ కుళ్ళు? పోయిన ఏడాది ఎడమ చెవి సరిగ్గా వినపడక చూపించుకుంటే, గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడగానే బటన్ నొక్కండమ్మా అంది అక్కడి అమ్మాయి. మొదట ఏమీ లేదు. తర్వాత కూడా ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో దూరంగా, ఉందో లేదో తెలియని చిన్న కూత. రిపోర్టులో దాన్ని హియరింగ్ థ్రెషోల్డ్ అని రాశారు. అంతకు కిందనున్న చప్పుళ్ళు లేవని కాదు, తనకి వినపడవు, అంతే. తన మాటని ఆ కాగితం మీద చూసి హెలెన్ ఇబ్బంది పడింది, బంధువు ఎవరో ఆసుపత్రి వరండాలో ఎదురుపడ్డట్టు. గడ్డీ లేదు, తలుపూ లేదు, అయినా గడపే. నొప్పికీ ఒకటుందట, ఇంతదాకా ఓర్చుకుంటుంది ఒళ్ళు, ఆపైన అరుస్తుంది. మరి ఈ కుళ్ళుకి ఏది గడప? బ్లెస్సీకి పదో తరగతిలో ఇంగ్లీషులో జిల్లా ఫస్టు వచ్చినప్పుడు తను స్వీట్లు పంచింది, నిజంగానే పంచింది, మనసులో మచ్చ లేదు. ఎమ్మేలో సీటొచ్చినప్పుడు రైలెక్కించి ఏడ్చింది. ఆ ఏడుపులో ఏమైనా ఉందా? అంతకు ముందే, పిల్లకి ఏడేళ్ళప్పుడు, క్రిస్మస్ నాటకంలో దేవదూతగా నిలబడి ఇంగ్లీషు వచనం తడుముకోకుండా చెప్తే, చప్పట్లలో ఎవరో మార్తతో, మీ పాపకి ఎంత తెలివండీ, అంటే, నేర్పింది ఎవరో కూడా అడగండమ్మా అని లోపల ఒక కూత వినపడలేదూ? వినపడింది. బటన్ నొక్కలేదు, అంతే.

ముందు వరసలో, మొదటి కుర్చీలో దత్తాత్రేయగారు కూర్చున్నారు. తెల్ల లాల్చీ, మడిచిన గొడుగు. పక్క ప్లాటులో ఇల్లు ఆయనదే. ముప్ఫై అయిదేళ్ళు ఇంగ్లీషు ప్రొఫెసరుగా చేసి రిటైరై, ప్రశాంతంగా ఉంటుందని ఇక్కడ కట్టుకున్నారు. పొద్దున ఆయన్ని చూడగానే హెలెన్ కుర్చీలో నిటారుగా సర్దుకుంది. మొదట భయమనుకుంది. కాదు, సంతోషం. ఎందుకంటే హెలెన్‌కి తెలిసి బ్లెస్సీకి తెలియనిది ఒకటుంది. మూడేళ్ళ క్రితం ఏప్రిల్‌లో ఒక కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళినప్పుడు, పొద్దుటి కట్ట దిద్దేసి, భోజనాల వేళ ఆ కాలేజీ లైబ్రరీలో ఫ్యాను కింద కాసేపు కూర్చుందామని వెళ్ళింది. బల్ల మీద ఎత్తలేనంత పెద్ద నిఘంటువు ఉంది. చేతులకి ఎర్ర సిరా అంటుకుని ఉంది, పేజీలకి అంటకుండా వేలి కొసలతో తిప్పుతూ, ఊరికే, తన మాటని చూసుకుందామని తీసింది. పిల్లల గ్రూపు ఫోటోలో మన పిల్లని వెతుక్కున్నట్టు. అక్కడ గడ్డి లేదు. మాటలో మొదటి సగం తొక్కడం అనే పాత క్రియ, ధాన్యం నూర్చడం అనే మాటా అక్కడి నుంచే వచ్చింది, అంతవరకూ రాశారు. రెండో సగం ఏమిటో తెలియదు. పట్టుకోవడం కాదు. అది మాత్రం కాదు. గడ్డిని ఆపే చెక్క సంగతి తర్వాతివాళ్ళు అల్లుకున్న కట్టుకథ. ఎక్కడ చదివింది తను దాన్ని? ఎప్పుడో ట్రైనింగులో పంచిన జిరాక్సు కాగితం మీద. పందొమ్మిదేళ్ళు దాన్నే వాక్యంతో కలిపి, ప్రభువు పేరు పెట్టి, ఇంటింటికీ చెప్పింది. పుస్తకం మూసింది. బల్ల చుట్టూ ఎవరూ లేరు.

పదిహేను రోజులకి పెనమలూరు నుంచి ఆటో వచ్చింది. ఎక్కింది. దారంతా బందరు కాలువ వైపు చూస్తూ, ఇవాళ నిజం చెప్పెయ్యాలి అనుకుంది. ఏమని చెప్పాలి? ఈ మాటలో రెండో సగం ఏమిటో ఎవరికీ తెలియదండీ అనా? ఎవరికీ తెలియదు అని చెప్పించుకోవడానికి ఎవరైనా ఆటో పంపిస్తారా? లేచి నిలబడింది, కళ్ళజోడు సర్దుకుంది, థ్రెష్ అంటే గడ్డి, హోల్డ్ అంటే పట్టుకునేది, అంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ తర్వాత ఈ మూడేళ్ళలో పదకొండు గుమ్మాలు. పదకొండు గుమ్మాలకీ తెలిసి తెలిసి అదే చెప్పింది, ప్రతిసారీ ఇంకొంచెం బాగా చెప్పింది.

నిజం తన ఇంట్లోనే ఉంది, ఎంత చిత్రమో. తొక్కడం. అమ్మ రావమ్మ కళ్ళంలో తొక్కేది. కుప్ప మీద నుంచి పనలు లాగి పరిచాక, పశువులు చాలని రోజున ఆడవాళ్ళే కొంగులు బిగించి దిగేవాళ్ళు, గింజ రాలేదాకా కాళ్ళతో మర్దించేవాళ్ళు. రాత్రి పడుకున్నాక అమ్మ అరికాళ్ళు గరుగ్గా తగిలేవి, గడ్డి కోసిన చారలు. ఆ పని చేసిన ఇంటికి కూలి గింజల కోసం వెళ్తే రావమ్మ గుమ్మం ముందు ఆగేది, వాళ్ళు గడప లోపలి నుంచే చాటతో గింజలు వంచేవాళ్ళు, అమ్మ బయట నుంచి ఒడి పట్టేది. చెయ్యి చేతికి తగలకుండా. హెలెన్ ఆ ఒడి అంచు పట్టుకుని నిలబడి, ఆ ఇంటి గడప మీద పసుపు ఎంత చక్కగా పూశారో చూసేది. తొక్కింది అమ్మ, గడప వాళ్ళది. ఇదంతా ఆ మాటలో ఉంది, నిజంగానే ఉంది, ఇంగ్లండు పేదల గడ్డి కంటే వెయ్యి రెట్లు ఉంది. దీన్ని చెప్పి ఉంటే? పట్టుచీరల వాళ్ళ ముందు నిలబడి మా అమ్మ గుమ్మం బయట ఒడి పట్టిందని చెప్పడానికి నోరు రాక, ఎవరివో చలి దేశపు ఇళ్ళు తెచ్చి చెప్పింది. సిగ్గుపడింది, అంతే, మరో పేరు లేదు దానికి.

సరే, అదంతా తన గొడవ. ఇప్పటి సంగతి ఇది. కాసేపట్లో బ్లెస్సీ లేచి, చిన్నప్పటి నుంచి తన నోట వినీ వినీ కంఠతా వచ్చిన గడ్డి కథ చెప్తుంది. అది విననట్టు ఊరుకునే మనిషి కాదు దత్తాత్రేయగారు, ఆయన ముఖంలోనే ఎర్ర సిరా ఉంది. డిగ్రీ కాలేజీ లెక్చరరమ్మ, సంఘమంతా చూస్తుండగా, సొంత ఇంటి గుమ్మం ముందు, తప్పు చెప్పి దొరికిపోతుంది. అప్పుడు పాల్‌కి తెలుస్తుంది ఎవరి చేత చెప్పించుకోవాలో. చెవిలో ఒక్క ముక్క వేస్తే చాలు, పిల్ల బయటపడుతుంది. ఆ గడ్డి సంగతి వదిలెయ్యవే, అంటే చాలు. వెయ్యదు. గంట టైముంది, ఈ గంటలో వంద సార్లు చెప్పొచ్చు. చెప్పదు. ఒడిలో చేతులు బిగించుకుని కూర్చుంది. తనలో ఇంత ఓపిగ్గా కూర్చుని ఎదురుచూసే చెడ్డ మనిషి ఉందని హెలెన్‌కి ఇవాళే తెలిసింది. తెలిసినా సిగ్గేయలేదు, హాయిగానే ఉంది, తమ్ముడు కూర్చోమన్నట్టే.

"అత్తా, కుచ్చిళ్ళు జారుతున్నాయి. కాస్త సర్దవా?"

బ్లెస్సీ ఎదురుగా వచ్చి నిలబడింది. హెలెన్ వంగి కుచ్చిళ్ళు పట్టుకుంది. ఒక్కొక్క మడతా సమంగా చేసి, పిన్ను నోట్లో పెట్టుకుని, నడుం దగ్గర దోపింది. పిల్ల ఒంట్లోంచి చిన్నప్పటి పౌడరు వాసన, అదే కంపెనీ, ఇంకా మార్చలేదు. నోట్లో పిన్ను ఉంది కాబట్టి మాట్లాడకపోవడానికి సాకు దొరికింది. పిన్ను పెట్టేశాక ఆ సాకూ పోయింది.

"భయమేస్తోంది అత్తా," అంది బ్లెస్సీ, గొంతు తగ్గించి. "నువ్వు చెప్పినట్టు నాకు రాదు. నాన్న వినలేదు. అత్త చేత చెప్పిద్దాం అంటే, నువ్వు చదివింది ఎందుకంట, అంటాడు."

హెలెన్ తలెత్తింది. ఇప్పుడు చెప్పాలి. నాలుక చివర దాకా వచ్చింది. నాన్న వినలేదు అంటే, ఈ పిల్ల అడిగిందన్న మాట, తన కోసం అడిగింది. ఆ ముక్క వినగానే కరగాల్సింది పోయి హెలెన్‌కి ఇంకా మండింది, అడిగి ఓడిపోయి కూడా ఇదే మంచిది అవుతోందే అని. "బాగానే చెప్తావులే, వెళ్ళు," అంది. బ్లెస్సీ వెళ్ళింది.

పది ముప్ఫై అయిదుకి పాస్టరుగారి కారు వచ్చింది. అబ్బ, ఏం ట్రాఫిక్కండీ బాబూ, అంటూ దిగారాయన. గడపకి పూసిన పసుపు చూసి కనుబొమలు ఎత్తితే, చెదలు పట్టకుండా అండీ, అంది మార్త. బసవపున్నయ్య నవ్వాపుకుని మనుషుల్ని పిలిచాడు. నలుగురు పట్టి లేపారు, గుంజలు కట్టారు, దారం వదిలి నిలువు చూశారు. పొలం మధ్య, గోడల్లేకుండా, గుమ్మం నిలబడింది. ప్రార్థన, పాట, ప్రభువు నీ రాకపోకలు కాపాడుతాడనే కీర్తన చదవడం, అన్నీ హెలెన్ చెవుల పక్క నుంచి పోయాయి. బ్లెస్సీ మైకు పట్టుకుంది.

"ఈ వాక్యం నాది కాదు, మా అత్తది," అని మొదలుపెట్టింది. థ్రెష్ అంటే గడ్డి అంది. హోల్డ్ అంటే పట్టుకునేది అంది. మట్టి నేలలు, చలి, తలుపు తీసినప్పుడల్లా జారిపోయే గడ్డి. హెలెన్ ఆగే చోటే ఆగింది, హెలెన్ గొంతు తగ్గించే చోటే తగ్గించింది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. తన మాటలు తనే దూరంగా కూర్చుని వింటే ఇంత బాగుంటాయా అనుకుంది హెలెన్. అయిపోయింది. పక్కింటి పెద్దలు దత్తాత్రేయగారు కూడా రెండు మాటలు చెప్పాలి, అన్నారు పాస్టరుగారు. హెలెన్ కుర్చీ అంచుకి జరిగింది.

ఆయన గొడుగు కుర్చీకి ఆనించి లేచారు. "చాలా బాగా చెప్పావమ్మా. చిన్న సవరణ, ఏమీ అనుకోకు. ఈ గడ్డి సంగతి జనం ముచ్చటపడి అల్లుకున్నది. మొదటి సగం తొక్కడమే గానీ, రెండో సగం ఏమిటో పండితులకే ఇంతవరకూ తేలలేదు. ఇంగ్లీషు చెప్పేదానివి కదా, తెలిసి ఉండాలని చెప్తున్నాను."

పాల్ ముఖం మాడిపోయింది. హెలెన్ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది, వెంట్రుక వాసి తేడా లేకుండా. అప్పుడు బ్లెస్సీ మైకు మళ్ళీ దగ్గరకి తీసుకుని, తొణక్కుండా, "అవునండి. మా అత్త నాకు సరిగ్గానే చెప్పింది. నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానండి," అంది.

సరిగ్గానే చెప్పిందా? ఎప్పుడు? ఆగే చోట్లతో సహా గుర్తున్న పిల్లకి ఇదొక్కటీ తప్పుగా గుర్తుందా? హెలెన్ ఆ ముఖంలోకి చూసింది. బ్లెస్సీ ఇటు చూడటం లేదు, కావాలనే చూడటం లేదు. తెలుసు దీనికి. ఎమ్మే చదివింది, ఏ నిఘంటువు తిరగేసిందో, ఎన్నాళ్ళుగా తెలుసో, తెలిసి ఇంతకాలం అత్త చెప్తుంటే వింటూ ఊరుకుంది. ఇవాళ తెలిసే చెప్పింది, సంఘం ముందు అత్త మాట మార్చడం ఇష్టం లేక. దొరికిపోతే తన మీద వేసుకుంది. మైకు ఇచ్చేశాను, వాక్యం ఇచ్చేశాను, కన్నీళ్ళు కూడా దానికే పోయాయి, ఇప్పుడు ఈ తప్పు కూడానా? ఇరవై రెండేళ్ళు మోసింది నేను. తెలిశాక మూడేళ్ళు పంటి బిగువున దాచింది నేను. దీనికేం హక్కుంది, రెండు నిమిషాల్లో తనదని చెప్పుకోవడానికి? హెలెన్‌కి ఒళ్ళంతా మండిపోయింది. ఇంత కుళ్ళు జన్మలో ఎరగదు.

కుర్చీ వెనక్కి పడింది. "కాదు," అంది హెలెన్. మైకు అక్కర్లేకపోయింది. "అది చెప్పింది నేను. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. తప్పని మూడేళ్ళ కిందటే చదివాను. చదివాక కూడా పదకొండు ఇళ్ళలో చెప్పాను, మీ ఇళ్ళలోనే చెప్పాను. ఈ పిల్లకి తప్పని తెలుసు. ఆ తప్పు నాది."

బ్లెస్సీ మైకు కుర్చీలో పడేసి, అందరి మధ్య నుంచీ పరుగులాంటి నడకతో వచ్చి, అత్తని రెండు చేతులా చుట్టేసుకుని ఏడ్చింది. వెనక వరసలోంచి ఎవరో, "ఎంత వినయం, ఎంత తగ్గింపు గల మనిషండీ, సొంత మేనకోడలి కోసం," అన్నారు. ఆమేన్ అన్నారు ఇంకెవరో. హెలెన్ ఆ పిల్ల భుజం మీద నుంచి వాళ్ళందరినీ చూస్తూ నిలబడింది. తగ్గింపూ కాదు, పిల్ల కోసమూ కాదు, తన వస్తువు తను లాక్కుంది. ఆ సంగతి వీళ్ళకి ఎవరు చెప్పగలరు? చెప్పడానికి నోరు తెరిచింది. బ్లెస్సీ ఇంకా గట్టిగా పట్టుకుంది.